కొత్త లెక్కల పుస్తకాన్ని ఎలా ఎంచుకోవాలి, ఎలా చదవాలి: ఓట్ల లెక్క నుంచి లెబేగ్ దాకా

కొత్త నవల అంటే కథ కొత్తది. కొత్త లెక్కల పుస్తకం అంటే మాత్రం అలా కాదు. ఓటింగ్ సిద్ధాంతం మీద నిన్నగాక మొన్న అచ్చయిన పుస్తకం తెరిచినా మొదటి అధ్యాయంలో కనబడేది 1785 నాటి కాండోర్సే వైరుధ్యమే (అభ్యర్థులు ఒకరినొకరు చక్రంలా ఓడించుకునే చిక్కు). అనాలిసిస్ (కలనగణితానికి పునాదులు వేసే శాఖ) పుస్తకం ఎంత కొత్తదైనా అందులో కోషీ, వయర్‌స్ట్రాస్, లెబేగ్ అనే పాత గణితవేత్తలు తప్పరు. విషయం పాతదే. చెప్పే వరస, ఎంచుకున్న ఉదాహరణలు, అధ్యాయం చివర ఇచ్చిన లెక్కలు, ఇవే కొత్తవి. కాబట్టి పుస్తకాన్ని పరీక్షించాల్సింది కూడా అక్కడే. వెనక అట్ట మీద ఎవరెవరు ఏమని పొగిడారో చూసి ప్రయోజనం లేదు. నేను అలా చూసి తెచ్చుకున్నవాటిలో సగం పన్నెండో పేజీ దాటలేదు.

1. ముందు అది ఏ జాతి పుస్తకమో తేల్చుకోండి

దీనికి అయిదు నిమిషాలు చాలు. తిన్నగా ఏదో ఒక అధ్యాయం చివరికి వెళ్లండి. అభ్యాసాలు ఉంటే పాఠ్యపుస్తకం. లేకపోతే మామూలు పాఠకుల కోసం రాసిన పుస్తకమో, పరిశోధకుల కోసం రాసిన మోనోగ్రాఫో అయ్యుంటుంది. ఈ రెండిటికీ తేడా ఏ పేజీ తిప్పినా తెలిసిపోతుంది. తరగతి గదిలో చెప్పిన పాఠాలే పుస్తకమైన లెక్చర్ నోట్స్ ఇంకో రకం. వాటిలో అచ్చుతప్పులు కాస్త ఎక్కువే కానీ, చెప్పేవాడి ఆలోచన ఎటు పోతోందో బాగా కనబడుతుంది. నాకు అవే ఇష్టం.

పుస్తకం ఏ సిరీస్‌లో వచ్చిందో కూడా చూడండి. స్ప్రింగర్ వాళ్ల ‘అండర్‌గ్రాడ్యుయేట్ టెక్స్ట్స్ ఇన్ మ్యాథమెటిక్స్’, ‘గ్రాడ్యుయేట్ టెక్స్ట్స్ ఇన్ మ్యాథమెటిక్స్’ రెండు వేర్వేరు సిరీస్‌లు. పేర్లలో ఒక్క మాటే తేడా. చదవడానికి కావాల్సిన సన్నద్ధతలో రెండు మూడేళ్ల తేడా.

తర్వాత ముందుమాట. అందులో వెతకాల్సింది ఒకటే: పాఠకుడికి ముందే ఏం తెలిసి ఉండాలని రచయిత అనుకుంటున్నాడు? ‘ఈ పుస్తకానికి ముందస్తు జ్ఞానం అవసరం లేదు, గణిత పరిపక్వత ఉంటే చాలు’ అని రాసి ఉంటే జాగ్రత్త పడండి. ఆ మాటకు అసలు అర్థం ఇది: నిరూపణలు చదవడం, రాయడం మీకు అలవాటై ఉండాలి, ఖాళీలు మీరే పూరించుకోవాలి. పేర్లు, సూత్రాలు గుర్తుండక్కర్లేదు నిజమే. కానీ అలవాటు లేనివాడికి అది సూత్రాలు గుర్తుంచుకోవడం కంటే కష్టం.

కొన్ని పుస్తకాల్లో ముందుమాట పక్కనే ఏ అధ్యాయం దేని మీద ఆధారపడుతుందో చూపించే బొమ్మ ఉంటుంది. ఆ ఒక్క బొమ్మ చాలా శ్రమ తప్పిస్తుంది. అయిదో అధ్యాయం కోసమే పుస్తకం తీసుకున్నవాళ్లకి రెండు, నాలుగు వదిలేయొచ్చని అక్కడే తెలుస్తుంది.

2. ఓటింగ్ పుస్తకమైతే రెండు చోట్ల చూడండి

మొదటి చోటు ఉదాహరణలు. మంచి పుస్తకం సిద్ధాంతంలోకి దిగకముందే ఓ చిన్న లెక్క మీ చేత చేయిస్తుంది. ఇలాంటిది. కాగితం తీసుకుని మీరూ చేయండి.

అభ్యర్థులు ముగ్గురు: ఎ, బి, సి. ఓటర్లు 9 మంది. ప్రతి ఓటరూ ముగ్గురినీ తనకు నచ్చిన వరసలో రాస్తాడు. నలుగురు ఎ, బి, సి అని రాశారు. ముగ్గురు సి, బి, ఎ అని రాశారు. మిగతా ఇద్దరు బి, సి, ఎ అని.

ఎవరు గెలిచారు? మొదటి స్థానాలే లెక్కపెడితే ఎకి 4, సికి 3, బికి 2. ఎ గెలిచాడు. అందరికంటే తక్కువ వచ్చిన బిని తీసేసి ఆ ఓట్లు తర్వాతి పేరుకి బదిలీ చేస్తే సికి 5, ఎకి 4. సి గెలిచాడు. మొదటి స్థానానికి 2, రెండోదానికి 1, మూడోదానికి సున్నా చొప్పున మార్కులు వేస్తే (ఇది బోర్డా పద్ధతి) ఎకి 8, సికి 8, బికి 11. బి గెలిచాడు. ఓట్లు అవే, ఒక్క ఓటరు కూడా మనసు మార్చుకోలేదు. లెక్కపెట్టే తీరు మారినప్పుడల్లా విజేత మారాడు. ఇద్దరిద్దరి చొప్పున పోటీ పెట్టి చూస్తే బి అటు ఎ మీద 5-4తో, ఇటు సి మీద 6-3తో నెగ్గుతాడు. మొదటి లెక్కలో అందరికంటే కింద ఉన్నది అతనే!

ఈ స్థాయి ఉదాహరణ మొదటి ఇరవై పేజీల్లో లేకుండా ‘ప్రజాస్వామ్యపు గణిత రహస్యాలు’ అంటూ సాగే పుస్తకాన్ని నేనైతే పక్కన పెట్టేస్తాను.

రెండో చోటు ఆరో (Arrow, ఇది మనిషి పేరు) థియరమ్. కెన్నెత్ ఆరో 1951లో అచ్చు వేసిన ఫలితం ఇది. ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ 1972లో వచ్చింది. ఏ ఓటింగ్ పుస్తకమైనా దీన్ని దాటి పోలేదు. కాబట్టి విషయసూచికలో ఆరో పేరు పట్టుకుని తిన్నగా ఆ పేజీకి వెళ్లండి. ‘ఏ ఓటింగ్ పద్ధతీ న్యాయమైనది కాదని గణితం తేల్చేసింది’ అని ఉందా? అది థియరమ్ కాదు, పత్రికల్లో పెట్టే శీర్షిక. థియరమ్ అంటే షరతులన్నీ చెప్పాలి: అభ్యర్థులు ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. ఓటర్లు పరిమిత సంఖ్యలో ఉండాలి. ప్రతివాళ్లూ తమకు నచ్చిన ఏ వరసైనా రాయొచ్చు. ఫలితం కూడా అభ్యర్థులందరినీ ఒక వరసలో పెట్టాలి, చక్రం తిరగకూడదు. అందరూ ఎని బి కంటే పైన పెడితే ఫలితంలోనూ ఎ పైనే ఉండాలి. ఎ, బిల మధ్య తీర్పు ఆ ఇద్దరినీ ఓటర్లు ఎలా పోల్చారన్నదాని మీదే నడవాలి, మధ్యలో సి జోక్యం ఉండకూడదు. ఇవన్నీ తీర్చే పద్ధతి ఒక్కటే, అది ఒకే ఒక్క ఓటరు చెప్పినట్టల్లా ఆడే నియంతృత్వం.

చివరి షరతును పుస్తకం ఎలా వివరించిందో మరీ శ్రద్ధగా చూడండి. చాలామంది ‘ఒక అభ్యర్థి పోటీ నుంచి తప్పుకుంటే’ అని కథ చెప్పి సరిపెట్టేస్తారు. ఆరో పెట్టిన షరతు అది కాదు. మన 9 మంది దగ్గరికే వద్దాం. సి, బి, ఎ అని రాసిన ముగ్గురూ బి, సి, ఎ అని మార్చారనుకోండి. ఆ ముగ్గురికీ ముందూ బి కంటే ఎ కిందే, ఇప్పుడూ కిందే. మిగతావాళ్ల కాగితాలు కదల్లేదు. అంటే ఎ, బిల విషయంలో ఎవరి అభిప్రాయమూ మారలేదు. కానీ మొదటి స్థానాల లెక్కలో ఇందాక ఎకి 4, బికి 2. ఇప్పుడు ఎకి 4, బికి 5. సిని కిందికి జరిపినందుకు ఎ, బిల వరస తారుమారైంది. షరతు అంటే ఇది. అభ్యర్థులెవరూ తప్పుకోలేదు, ముగ్గురూ బరిలోనే ఉన్నారు. పుస్తకం ఈ తేడా చూపించిందంటే రచయిత చేయి తిరిగినవాడే, నమ్మి ముందుకు పోవచ్చు.

ఇంకో చిన్న గుర్తు. అభ్యర్థులు ఇద్దరే అయితే ఏ పేచీ లేదని, అక్కడ మామూలు మెజారిటీకి సాటి లేదని కెన్నెత్ మే అనే గణితవేత్త 1952లో నిరూపించాడు. ఓటర్ల ఇష్టాలు ఒకే గీత మీద ఎడమ నుంచి కుడికి అమరి, ఒక్కొక్కరికీ ఒకే శిఖరం (అన్నిటికంటే నచ్చిన చోటు, దాని నుంచి దూరమయ్యే కొద్దీ ఇష్టం తగ్గుతుంది) ఉంటే కాండోర్సే చిక్కు ఉండదని డంకన్ బ్లాక్ 1948లో చూపించాడు. ‘అసాధ్యం’ అన్న మాట దగ్గరే ఆగిపోయే పుస్తకం కంటే, ఎక్కడెక్కడ సాధ్యమో కూడా చెప్పే పుస్తకం మేలు.

సీట్ల పంపకం మీద ఒక అధ్యాయం ఉంటే అది అదనపు లాభం. 1880 జనాభా లెక్కల తర్వాత అమెరికాలో ఓ వింత బయటపడింది: ప్రతినిధుల సభకు 299 సీట్లయితే అలబామాకు 8, సభను 300కి పెంచితే అదే అలబామాకు 7. సీట్లు పెరిగితే ఒకరి వాటా తగ్గడమేమిటని మీరు లెక్క వేసుకుని చూసేదాకా నమ్మబుద్ధి కాదు.

3. అనాలిసిస్ పుస్తకమైతే ఎక్కడ తెరవాలి

మొదటి పేజీలో కాదు. సమితులు, వాస్తవ సంఖ్యల గురించి మొదటి అధ్యాయాన్ని దాదాపు అందరూ ఒకేలా రాస్తారు. ‘ఏకరీతి అభిసరణం’ అన్న చోట తెరవండి. ఇంగ్లిష్ పుస్తకాల్లో యూనిఫామ్ కన్వర్జెన్స్ అని ఉంటుంది.

ఎందుకు అక్కడే? గొప్పవాళ్లు సైతం తడబడిన చోటు అది. అవిచ్ఛిన్న (గీత ఎక్కడా తెగని) ఫంక్షన్లను ఒకదానికొకటి కూడుతూ పోతే, ఆ శ్రేణి అభిసరిస్తే (ఓ విలువకు చేరువవుతూ పోతే), మొత్తం కూడా అవిచ్ఛిన్నమేనని కోషీ 1821 నాటి తన పాఠ్యపుస్తకంలో రాశాడు. దీనికి మినహాయింపులు ఉన్నాయని ఆబెల్ 1826లో ఎత్తిచూపాడు. లోపం ఎక్కడుందో విడదీసి పేరు పెట్టడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది.

అది చేతికి అందేలా ఉండాలంటే కాలిక్యులేటర్ తీసుకోండి. 0.9ని తనతోనే గుణిస్తూ పోండి. పదో ఘాతం దగ్గర 0.35, యాభయ్యో ఘాతం దగ్గర 0.005. సున్నా వైపు పరుగే. ఇప్పుడు 0.99 తీసుకోండి. యాభయ్యో ఘాతం దగ్గర కూడా 0.605. ఇక 0.999 అయితే అక్కడ ఇంకా 0.95. చివరికి ఇవన్నీ సున్నాకే పోతాయి, 1 ఒక్కటే 1గా ఉండిపోతుంది. అంటే అవధి దగ్గర గీత తెగిపోయింది: 1కి ముందంతా సున్నా, 1 దగ్గర ఒక్కసారిగా 1. మనం వాడిన ఫంక్షన్లలో మాత్రం ఒక్కటీ తెగినది కాదు. మీరు ఎంత పెద్ద ఘాతం తీసుకున్నా సరే, ఇంకా సగానికి పైనే ఉన్న సంఖ్య ఒకటి 1కి దగ్గర్లో దొరుకుతూనే ఉంటుంది. అందరూ సున్నాకే పోతున్నారు కానీ కలిసి పోవడం లేదు. ‘ఏకరీతి’ అన్న మాటంతా ఈ ‘కలిసి’ గురించే.

ఇప్పుడు మీ చేతిలోని పుస్తకం ఆ నిర్వచనానికి ముందు ఇలాంటి చెడిపోయే ఉదాహరణ ఇచ్చిందా, లేక ఎప్సిలాన్ అనే చిన్న సంఖ్య తీసుకుని తిన్నగా నిర్వచనంతోనే మొదలెట్టిందా? రెండోది తప్పేమీ కాదు, పొట్టిగా రాసే మహానుభావులు చాలామంది అలాగే రాస్తారు. కానీ సొంతంగా, గురువు లేకుండా చదువుకునేవాళ్లకు మొదటిదే పనికొస్తుంది.

పై స్థాయి పుస్తకమైతే లెబేగ్ సమాకలనం దగ్గర ఇదే పరీక్ష పెట్టండి. అకరణీయ సంఖ్యల దగ్గర 1, మిగతా అన్నిచోట్లా 0 ఇచ్చే ఫంక్షన్‌ను డిరిక్లే పేరుతో పిలుస్తారు. 0 నుంచి 1 దాకా రీమాన్ పద్ధతిలో (సన్నని నిలువు ముక్కలుగా కోసి, పైనుంచీ కిందనుంచీ అంచనా వేసి) దాని కింది వైశాల్యం కట్టబోతే పై మొత్తం ఎప్పుడూ 1, కింది మొత్తం ఎప్పుడూ 0. రెండూ కలవవు. లెబేగ్ 1902 నాటి తన థీసిస్‌లో ఇచ్చిన పద్ధతిలో జవాబు సున్నా. ఎందుకో పుస్తకం ఇలా చెప్పాలి: అకరణీయ సంఖ్యలన్నిటినీ ఒకటి, రెండు, మూడు అని వరసగా పేర్చవచ్చు. మొదటిదాని మీద 1/20 పొడవున్న ముక్క కప్పండి, రెండోదాని మీద 1/40, మూడోదాని మీద 1/80. అలా సగం సగం చేసుకుంటూ పోతే అన్నిటినీ కప్పడానికి మొత్తం 1/10 పొడవు మించి అక్కర్లేదు. 1/10 బదులు ఇంకెంత చిన్నది తీసుకున్నా ఇదే ఆట సాగుతుంది. అంటే వాటన్నిటి పొడవూ కలిపి సున్నా. ఈ పేరా లేకుండా సిగ్మా ఆల్జీబ్రాల (కొలవదగ్గ సమితుల కుటుంబాల) నిర్వచనాలతో నలభై పేజీలు నడిపించే పుస్తకం ఉంటే, అది రెండోసారి చదివేవాళ్ల కోసం రాసినది. మొదటిసారి చదివేవాళ్లు ఇంకొకటి వెతుక్కోండి.

4. సమీక్ష వెతకండి, తప్పుల పట్టిక కూడా

లెక్కల పుస్తకాలకు ఉన్న అదృష్టం మిగతా వాటికి లేదు. జెడ్‌బీమ్యాథ్ ఓపెన్ అనే డేటాబేస్‌లో లక్షల కొద్దీ గణిత రచనల వివరాలు, చాలావాటికి ఆ రంగంలో వాళ్లే రాసిన సమీక్షలు ఉంటాయి. 1931లో అచ్చు పత్రికగా మొదలైన ఈ సేవ 2021 నుంచి అందరికీ ఉచితం. వెతకడానికి విషయ వర్గీకరణ సంఖ్యలు వాడండి: ఓటింగ్ సిద్ధాంతానికి 91బి12 (మధ్యలోది ఇంగ్లిష్ అక్షరం), వాస్తవ ఫంక్షన్లకు 26, కొలతకూ సమాకలనానికీ 28, ఫోరియర్ విశ్లేషణకు 42, ఫంక్షనల్ అనాలిసిస్‌కు 46. సంఖ్యతో పాటు సంవత్సరం కూడా ఇస్తే కొత్తవి వరసగా వస్తాయి. పేరుతో వెతికితే దొరకనివి కూడా ఇలా దొరుకుతాయి.

రచయిత వెబ్‌పేజీలో తప్పుల పట్టిక ఉందేమో చూసి, ఉంటే చదవడానికి కూర్చునే ముందే పెన్సిల్‌తో ఆ దిద్దుబాట్లు పుస్తకంలో ఎక్కించుకోండి. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. ఒకసారి ఓ అభ్యాసంతో మూడు సాయంత్రాలు కుస్తీ పట్టాను. ‘కంటే తక్కువ’ అని ఉండాల్సిన చోట ‘తక్కువ లేదా సమానం’ అని పడింది. పట్టికలో ఆ దిద్దుబాటు ముందునుంచీ ఉంది, నేనే చూడలేదు. తప్పుల పట్టిక పొడుగ్గా ఉంటే పుస్తకం చెడ్డదని కాదు, శ్రద్ధగా చదివినవాళ్లు ఉన్నారని. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ అయితే తన పుస్తకాల్లో తప్పు పట్టినవాళ్లకు 2.56 డాలర్ల చెక్కు పంపేవాడు. 256 సెంట్లంటే పదహారు ఆధారంగా ఉన్న లెక్కలో ఒక డాలరట!

అయితే ‘ఇది పుస్తకం తప్పే’ అని తీర్మానించే ముందు, ఆ వాక్యం అబద్ధమయ్యే ఉదాహరణ ఒకటి కాగితం మీద పెట్టండి. పెట్టలేకపోతే తప్పు మనదై ఉండే అవకాశమే ఎక్కువ.

5. చదివే పద్ధతి

అధ్యాయాన్ని మొదటిసారి నిరూపణలు వదిలేసి చదవండి. నిర్వచనాలు, థియరమ్‌లు, ఉదాహరణలు, అంతే. రచయిత ఎక్కడికి తీసుకుపోతున్నాడో తెలియాలి కదా. రెండోసారి పెన్సిల్‌తో. ‘స్పష్టమే’, ‘సులువుగా చూడవచ్చు’ అన్న చోటల్లా ఆగి, ఆ సులువేమిటో అంచున రాయండి. గంటకు ఒక పేజీ నడిస్తే బాగా నడుస్తున్నట్టే లెక్క.

అన్నిటికంటే ఫలితమిచ్చే అలవాటు ఇంకొకటుంది. థియరమ్‌లో ఒక్కో షరతు తీసేసి చూడటం. ఉదాహరణకు, రెండు చివరలూ కలుపుకున్న అంతరం మీద అవిచ్ఛిన్నమైన ఫంక్షన్ ఓ హద్దు దాటి పోదు. ఎడమ చివర తీసేయండి: 0ని వదిలేసి 1 దాకా తీసుకుంటే, ఒకటిని ఆ సంఖ్యతో భాగించే ఫంక్షన్ 0 దగ్గరపడే కొద్దీ ఆకాశానికి పోతుంది. అంతరానికి హద్దు తీసేయండి: సంఖ్యను సంఖ్యగానే ఇచ్చే ఫంక్షన్ చాలు, అదీ ఆగదు. అవిచ్ఛిన్నత తీసేయండి: ఆ భాగాహారపు ఫంక్షన్‌కే 0 దగ్గర ఏదో ఒక విలువ పెట్టేయండి, సరిపోతుంది. మూడు షరతులు, మూడు చెడిపోయే ఉదాహరణలు. ఈ మూడూ రాసుకున్నాక ఆ థియరమ్ ఇక బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఆ తర్వాత పుస్తకం మూసి నిరూపణ రాయండి. మధ్యలో ఆగిపోతే ఒక్క వాక్యం చూసి మళ్లీ మూయండి. అభ్యాసాలన్నీ చేయక్కర్లేదు, అధ్యాయానికి నాలుగైదు చాలు. కానీ ఆ నాలుగైదింటికీ జవాబులు ముందే చూడొద్దు.

పక్కన అదే విషయం మీద రెండో పుస్తకం పెట్టుకోండి, వీలైతే పాతది. ఒకరు మూడు వాక్యాల్లో ముగించినదాన్ని ఇంకొకరు బొమ్మ గీసి చెప్తారు. మూడు అధ్యాయాలు అయ్యాక కూడా ఏదీ ఒంటపట్టడం లేదంటే పుస్తకం మార్చేయండి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

6. ఓటింగ్ నుంచి అనాలిసిస్‌కి దారి

ఈ రెండూ అలమరలో చెరో మూల ఉంటాయి కానీ, మధ్యలో దారి ఉంది. ఏది ముందు చదవాలో తెలియనివాళ్లు ఓటింగ్‌తో మొదలెట్టి ఈ దారిలో పోవచ్చు.

ముగ్గురు ఓటర్లు, ముగ్గురు అభ్యర్థులు. ఒకరు ఎ, బి, సి. ఇంకొకరు బి, సి, ఎ. మూడోవారు సి, ఎ, బి అని రాస్తే ఎ మీద సి, సి మీద బి, బి మీద ఎ గెలుస్తారు. చక్రం తిరుగుతూనే ఉంటుంది, అందరినీ గెలిచేవాడు ఉండడు. ఇలా ఎన్నిసార్లు జరుగుతుంది? ఒక్కో ఓటరుకు 6 వరసలు, కాబట్టి ముగ్గురికీ కలిపి 216. అందులో చక్రాలు 12. అంటే 18లో ఒకటి, నూటికి 5.6. దీనికి లెక్కపెట్టడం వస్తే చాలు.

ఓటర్ల సంఖ్యను అంతులేకుండా పెంచుతూ పోతే? అన్ని వరసలకూ సమాన అవకాశం ఉందనుకుంటే, చక్రం పడే అవకాశం నూటికి దాదాపు 8.8 దగ్గర నిలబడుతుంది. ఇది లెక్కపెట్టి తేల్చేది కాదు. మొత్తాలు నార్మల్ (గంట ఆకారపు) విభాజనానికి చేరాలి, ఆ విభాజనం కింద ఒక కోణం కొలవాలి. అందుకే ఎవరో ఒకరు గెలిచే అవకాశానికి వచ్చిన సూత్రంలో పై (π), 1/3కి ఆర్క్‌సైన్ (సైన్ విలువ 1/3 అయ్యే కోణం) ప్రత్యక్షమవుతాయి. ఓట్ల లెక్కలో ఆర్క్‌సైన్ ఏమిటని ఆశ్చర్యపోతే, సంభావ్యత పుస్తకంలో కేంద్ర అవధి థియరమ్ అధ్యాయం తెరిచే సమయం వచ్చినట్టే.

అక్కడి నుంచి ఇంకో మెట్టు. గిల్ కలాయి 2002లో ఆరో థియరమ్‌ను ఫోరియర్ విశ్లేషణతో చూపించాడు. ప్రతి ఓటూ ప్లస్ ఒకటో మైనస్ ఒకటో అనుకుని, ఓటింగ్ పద్ధతినే ఒక ఫంక్షన్‌గా రాసి, దాన్ని తరంగాలుగా విడగొట్టడమన్నమాట. వర్గీకరణలో 91 కింద ఉన్నది 42లోకి వచ్చేసింది. ఓటర్లు అంతులేనంత మంది ఉంటే ఆరో షరతులన్నీ తీర్చే, నియంత లేని పద్ధతి ఉందని పీటర్ ఫిష్‌బర్న్ 1970లో చూపించాడు. ఇందాక షరతుల్లో ‘పరిమిత సంఖ్యలో’ అని పెట్టింది ఇందుకే. అది ఎలా కుదురుతుందో చూడాలంటే అల్ట్రాఫిల్టర్లు (ఓటర్ల గుంపుల్లో ఏవి ‘పెద్దవి’ అని తేల్చే సాధనాలు) కావాలి. వాటిని పరిచయం చేసే పుస్తకం తెరిచేటప్పుడు కూడా మొదటి పేజీ కాకుండా తిన్నగా ఉదాహరణల దగ్గరికే వెళ్లండి.